ఒళ్లుంది, కులం లేదు: సైబరాబాద్ కౌమార ఆరోగ్య పాఠాల మీద కొన్ని ప్రశ్నలు

మాదాపూర్, కొండాపూర్, నానక్‌రాంగూడ చుట్టుపక్కల సర్కారు బడుల్లో కౌమార ఆరోగ్యం మీద జరిగే క్లాసులకు ఒక అలవాటైన పద్ధతి ఉన్నది. మగపిల్లల్ని ఆటకు పంపిస్తారు. ఆడపిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరికేస్తారు. తెర మీద గర్భసంచి బొమ్మ, అండాశయాల బొమ్మ, హార్మోన్ల పేర్లు వస్తాయి. రక్తహీనత గురించి, శుభ్రత గురించి, మంచి స్పర్శ చెడు స్పర్శ గురించి చెప్తారు. ఆఖర్న ప్యాడ్ల ప్యాకెట్లు పంచి, బ్యానర్ ముందర ఫొటో దిగి వెళ్లిపోతారు. వచ్చినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, చాలామంది శ్రద్ధగానే చెప్తారు. ఆ గదిలో కూర్చున్న పిల్లలు ఎవరి పిల్లలనేది మాత్రం వాళ్ల పాఠంలో లేదు. ఐటీ టవర్లలో హౌస్‌కీపింగ్ చేసే ఆడవాళ్ల బిడ్డలు, పాలమూరు నుంచి మేస్త్రీల వెంబడి వచ్చిన కూలీల బిడ్డలు, తెల్లారకముందే రోడ్లు ఊడ్చేవాళ్ల బిడ్డలు, గేటు కాడ సెక్యూరిటీ నౌకరీ చేసేవాళ్ల బిడ్డలు. మాల, మాదిగ, లంబాడా, ముస్లిం, వెనకబడిన కులాల పిల్లలే ఎక్కువ. తెర మీది బొమ్మకు ఏ కులమూ లేదు.

ఈ బొమ్మను ఒక వాచకంగా తీసుకుని చదవాలన్నది నా ప్రయత్నం. దీని వెనక చిన్న వ్యవస్థేమీ లేదు. 2014 జనవరి 7న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్ల పిల్లలందరి కోసమని చెప్పుకుంటుంది. పోషకాహారం, లైంగిక పునరుత్పత్తి ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం, హింస-గాయాలు, మత్తు పదార్థాలు, దీర్ఘవ్యాధులు అని ఆరు అంశాలు పెట్టుకుంది. పిల్లల్లోంచే 'సాథియా'లను ఎంపిక చేసి తోటిపిల్లలకు చెప్పించాలన్నది. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద బడుల్లో ఆరోగ్య కార్యక్రమం వచ్చింది, టీచర్లనే ఆరోగ్య రాయబారులన్నారు. 2013 కంపెనీల చట్టం కింద లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలన్న నియమం 2014 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చినంక ఐటీ కారిడార్ కంపెనీలకు, వాటి పక్కనే ఉన్న ఈ బడులు అందుబాటులో ఉన్న లబ్ధిదారులైనయి. ఆరు అంశాల్లో హింస ఉన్నది, మత్తు ఉన్నది, షుగరు వ్యాధి ఉన్నది. కులం ఏడో అంశంగా కూడా లేదు.

దీనికి వెంటనే వచ్చే జవాబు మనకు తెలిసిందే. క్రిమికి కులముంటదా, హార్మోనుకు కులముంటదా అని అడుగుతారు. ఉండదు. కానీ ఈ కార్యక్రమాల విషయం క్రిములు ఒక్కటే కాదు గదా. ఎవరు ఎవరితో కలవొచ్చు, ఎవరికి బిడ్డల్ని కనొచ్చు, ఎప్పుడు ఆపాలి, ఎవరిని తాకొచ్చు అన్నవే లైంగిక పునరుత్పత్తి ఆరోగ్యం అనే మాట కింద వస్తాయి. ఇవన్నీ మన దేశంలో కులం నిర్ణయించే సంగతులు. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో అంబేడ్కర్ కులానికి మూలం స్వకుల వివాహమే అన్నాడు. ఆ కట్టు తెగకుండా ఉండేందుకే సతీ సహగమనం, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం పుట్టినయని చూపించాడు. అంటే కులమే ఒక పునరుత్పత్తి వ్యవస్థ. దాన్ని పక్కన పెట్టి పునరుత్పత్తి పాఠం చెప్పడమంటే భూమి ఊసెత్తకుండా వ్యవసాయం చెప్పడం లాంటిది.

ఇంకో సంగతి. లైంగిక విజ్ఞానం అంటే పట్నం అగ్రకులాల వ్యవహారమనీ, దళిత ఉద్యమానికి దానితో పనిలేదనీ మనోళ్లలో కూడా ఒక అభిప్రాయం ఉన్నది. బొంబాయిలో ఆర్.డి. కర్వే 'సమాజ్ స్వాస్థ్య' అనే మరాఠీ పత్రిక నడిపేవాడు. పాఠకులు అడిగిన లైంగిక సందేహాలకు సిగ్గుపడకుండా జవాబులిచ్చేవాడు. దాని మీద అశ్లీలత కేసు పెడితే 1934లో ఆయన తరఫున కోర్టులో నిలబడి వాదించిన వకీలు అంబేడ్కర్. కేసు ఓడిపోయారు. 1938లో బొంబాయి శాసనసభలో కుటుంబ నియంత్రణ మీద అంబేడ్కర్ తరఫున ఆయన సహచరుడు పి.జె. రోహం తీర్మానం పెట్టాడు. మన వారసత్వంలో ఈ ప్రశ్న మొదట్నుంచీ ఉన్నది. మనమే దాన్ని డాక్టర్లకూ స్వచ్ఛంద సంస్థలకూ వదిలేసినం.

ఇక పాఠం భాష దగ్గరికొద్దాం. కరపత్రాల్లో 'రుతుస్రావం', 'రజస్వల', 'కౌమారదశ', 'పునరుత్పత్తి అవయవాలు' అని ఉంటది. గదిలో కూర్చున్న పిల్లకు ఈ మాటల్లో ఒక్కటీ ఇంట్లో వినిపించదు. వాళ్లమ్మ 'పెద్దమనిషైంది' అంటది, 'ముట్టు' అంటది, 'అంటు' అంటది, 'మైల' అంటది, 'బయట ఉన్నది' అంటది. సంస్కృతం మాట శాస్త్రీయం, ఇంటి మాట మోటు అన్న పాత భేదమే ఇక్కడా పనిచేస్తున్నది. మోటు మాటను పక్కనబెట్టడంలో పోయేది సభ్యత ఒక్కటే అయితే పెద్ద బాధ లేదు. అసలు చరిత్ర అందులోనే ఉన్నది.

ముట్టు అంటే తాకడం. అంటు అన్నా తాకడమే. నెలసరికి మన భాష పెట్టుకున్న పేర్లూ, మనుషుల్ని ఊరవతలికి నెట్టిన పేరూ ఒకే వేరు నుంచి మొలిచినయి. అంటు నుంచే అంటరానితనం. బహిష్టు అన్నా బయట ఉన్నదనే. వసారాలో మూడు రోజులు బయట కూర్చున్న అగ్రకుల స్త్రీ నాలుగో రోజు తలంటుకుని లోపలికి పోతుంది. ఊరి బయట ఉన్న మా తల్లులకు నాలుగో రోజు లేదు. మూఢనమ్మకాలు పోగొట్టాలని చెప్పే పాఠం, నెలసరప్పుడు పచ్చడి జాడీ ముట్టుకోవచ్చు, గుడికి పోవచ్చు, పూలు పెట్టుకోవచ్చు అని ధైర్యం చెప్తుంది. మంచిదే. కానీ ఆ పిల్లను, వాళ్లమ్మను, వాళ్ల నాన్నను ఏ గుళ్లోకి ఏ రోజైనా రానిచ్చినరా అన్న ప్రశ్న ఆ పాఠానికి తోచదు. మైల అనే భావన ఒక్కటే. ఆడమనిషి మీద నెలకు మూడు రోజులు, దళితుల మీద పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా. మొదటిది మూఢనమ్మకం అయితే రెండోది ఏమైతది? ఈ రెండింటినీ కలిపి చెప్పే అవకాశం తెలుగు భాషే చేతికందిస్తుంటే, కరపత్రం రుతుస్రావం అని రాసుకుని ఆ తలుపు మూసేసింది.

పైగా కూలికి పోయే ఇళ్లల్లో 'మూడు రోజులు కూర్చోవడం' అనేదే కుదరదు. నాట్లప్పుడు, కలుపప్పుడు, ఇప్పుడైతే స్లాబు పోసేటప్పుడు, కూర్చుంటే కూలి పోతది. మా ఆడవాళ్లు ముట్టులోనూ తట్ట మోసినరు. కాబట్టి 'ఆచారం వల్ల ఇంట్లో బందీ అయిన బాలిక' అని పాఠం ఊహించుకునే పిల్ల ఈ గదిలో కూర్చున్న పిల్ల కాకపోవచ్చు. ఈ పిల్లకు కావాల్సింది వాళ్లమ్మ పనిచేసే చోట నీళ్లున్న మరుగుదొడ్డి. పనివాళ్లకు వేరే లిఫ్టు అని బోర్డు పెట్టుకున్న అపార్టుమెంట్లు ఈ కారిడార్‌లో కొత్త కాదు. ఆ ఫ్లాట్లలో తుడిచిన బాత్రూమ్‌ను వాడుకోనిస్తరా లేదా అన్నది లైంగిక ఆరోగ్యం కిందికి వస్తుందో రాదో కార్యక్రమం రాసేవాళ్లు చెప్పాలె.

1990ల్లో తెలుగు స్త్రీవాదం శరీరం గురించి ధైర్యంగా మాట్లాడినప్పుడు దళిత స్త్రీలు లేపిన చర్చ ఇదే. శరీరం అందరికీ ఒకటే కాదని వాళ్లన్నారు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' చూసినవాళ్లకు ఆ మాట బరువు తెలుసు. ఆరోగ్యం వైపు నుంచి చూస్తే 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' స్త్రీలకు అర్థమయ్యే తెలుగులో స్త్రీల ఒంటి గురించి చెప్పిన పెద్ద పని. డాక్టరు చేతిలోని జ్ఞానాన్ని తీసి ఆడవాళ్ల చేతిలో పెట్టాలన్న రాజకీయం దానికుంది. ఇవాళ్టి కరపత్రాలు ఆ పుస్తకం నుంచి ముప్పై ఏళ్లు ముందుకు వచ్చినయా, వెనక్కి పోయినయా అంటే రెండో దానికే నా ఓటు.

ప్యాడు గురించి కొంచెం ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే ఈ కార్యక్రమాల్లో చేతికి తగిలే వస్తువు అదొక్కటే. 2018లో తెలంగాణ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఏడు నుంచి పదో తరగతి ఆడపిల్లలకు ఆరోగ్య కిట్లు ఇస్తామన్నది. అదే ఏడాది జూలైలో, ఏడాదిగా ఉన్న 12 శాతం జీఎస్టీని కేంద్రం ప్యాడ్ల మీద ఎత్తేసింది. పాత చీర గుడ్డతో, ఎండకు ఆరేయడానికి చోటు లేని బస్తీ గదిలో నెల గడిపిన పిల్లకు ప్యాడు సుఖమే, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. పాఠంలో ప్యాడు ప్రయాణం ఎక్కడ ఆగుతుందంటే చెత్తడబ్బా దగ్గర. 'కాగితంలో చుట్టి డబ్బాలో వేయండి.' ఆ తర్వాత?

ఆ తర్వాత స్వచ్ఛ ఆటో వస్తుంది. ఆటో వెనక నిలబడి తడి చెత్త, పొడి చెత్త చేత్తో వేరుచేసే మనిషి ఉంటుంది. 2016 ఘన వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన ప్యాడును, కంపెనీ ఇచ్చిన కవర్లోనో మరొకదాంట్లోనో గట్టిగా చుట్టి ఇవ్వాలి, ఆ కవర్లు ఇచ్చే బాధ్యత తయారీదార్లది. గేటెడ్ కమ్యూనిటీల నుంచి వచ్చే సంచి విప్పినప్పుడు ఈ నియమం ఎంత అమలైందో మొదట తెలిసేది ఆ మనిషి వేళ్లకే. హైదరాబాద్ పారిశుధ్యపు పనిలో మాదిగల, మాలల సంఖ్య ఎందుకు ఎక్కువో ఈ పత్రిక పాఠకులకు నేను వివరించక్కర్లేదు. అగ్రకుల స్త్రీ ముట్టు ఇదివరకు చాకలామె మీద పడేది, మైలబట్టలు ఆమే ఉతికేది. ఇప్పుడు ఆ మైల ప్లాస్టిక్ పొరలో చుట్టుకుని మా ఇంటికి వచ్చింది. క్లాసులో కూర్చున్న పిల్ల తల్లే ఆటో వెనక నిలబడిన మనిషి అయితే, పొద్దున బిడ్డకు పంచిన శుభ్రత తల్లి చేతికి ఏమని చేరింది? రుతు పరిశుభ్రత అనే మాటలో పరిశుభ్రత ఎవరిది, దాన్ని మోసేదెవరు అన్న లెక్క లేకపోతే అది సగం పాఠం కూడా కాదు. చేతి తొడుగులు, సబ్బు, టీకాలు, జీతంతో కూడిన సెలవు పారిశుధ్య కార్మికురాలికి ఇవ్వాలన్న డిమాండు కౌమార ఆరోగ్య కార్యక్రమంలో భాగమనే నేనంటాను.

హైటెక్ సిటీకీ కుటుంబ నియంత్రణకూ ఒక సంబంధం ఉన్నది, దాన్ని ఇంతవరకు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్ 22న వాజపేయి ప్రారంభించాడు. దానికి ముందటేడు, 1997లో, అదే చంద్రబాబు నాయుడు ప్రభుత్వం రాష్ట్ర జనాభా విధానం ప్రకటించింది. మిగులు భూములు, ఇళ్ల స్థలాలు, ఐఆర్‌డీపీ, ఎస్సీ కార్యాచరణ ప్రణాళిక, బీసీ కార్యాచరణ ప్రణాళిక కింది ప్రయోజనాల్లో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలని అందులో రాసుకున్నారు. ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి. దళితులకు హక్కుగా రావాల్సిన ప్రణాళిక నిధిని దళిత స్త్రీ గర్భసంచితో ముడేసినరు. 1994లో కైరో జనాభా సదస్సులో ప్రపంచమంతా లక్ష్యాలొద్దు, పునరుత్పత్తి హక్కులు ముఖ్యమని ఒప్పుకుంది. 1996లో భారత ప్రభుత్వం కుటుంబ నియంత్రణలో లక్ష్యాలు ఎత్తేశామన్నది. మరుసటేడే మన రాష్ట్రంలో ఇది జరిగింది. ఆధునిక నగరం కట్టడానికీ పేదల కాన్పులు తగ్గించడానికీ ఒకే కార్యదక్షత పేరు. అదే నాయకుడు 2024లో ఎక్కువ మంది పిల్లల్ని కనమని ఆంధ్రప్రదేశ్ ప్రజలకు చెప్తున్నాడు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న 1994 నాటి నియమాన్ని ఆ ఏడాదే అక్కడి ప్రభుత్వం తీసేసింది. కుళాయి తిప్పినట్టు అప్పుడు కట్టేయమన్నరు, ఇప్పుడు వదలమంటున్నరు.

ఇంకొంచెం వెనక్కి పోతే, లింగంపల్లి దాటి ముంబయి రోడ్డు మీద పటాన్‌చెరు వస్తుంది. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగానికి పేద స్త్రీలను పోగేసినరు. పిల్లలు పుట్టకుండా కొత్త సూది అని చెప్పినరు తప్ప అది ప్రయోగమని చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికి పోయి అడిగినందుకు సంగతి బయటపడ్డది. 1986లో ఆ సంస్థ, ఢిల్లీ సహేలీ మరికొందరు సుప్రీంకోర్టుకు పోయినరు. 2000లో ఆ కేసు ముగిసినప్పుడు, కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో దాన్ని మూకుమ్మడిగా వాడడం తగదని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఆ తర్వాత పదిహేడేళ్లకు మరో ఇంజెక్షన్ 'అంతర' పేరుతో సర్కారు దవాఖానాల్లోకి వచ్చింది.

2009 జూలైలో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసినరు. పాథ్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. ఆ పిల్లల్లో చాలామంది హాస్టళ్లలో ఉన్న ఆదివాసీ, దళిత పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయినంక, సంఘాలు గొడవ చేసినంక 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేసినరు. మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది. నా ప్రశ్న ఆ మరణాల మీద కాదు, కాగితాల మీద. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన 72వ నివేదికలో ఆంధ్రప్రదేశ్ అంగీకార పత్రాల లెక్క ఉన్నది. చూసిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది.

కన్నతల్లి భద్రాచలం అడవిలో, బిడ్డ హాస్టల్లో, సంతకం వార్డెన్‌ది. హాస్టల్ మనకు చదువిచ్చింది, అన్నం పెట్టింది, ఈ పత్రికలో రాసేవాళ్లలో చాలామంది అక్కడి నుంచే వచ్చినవాళ్లం. అదే హాస్టల్ ఒక్కచోట వందల మంది పిల్లల ఒళ్లు దొరికే స్థలం కూడా. ఒక్కో ఇంటికి పోయి ఒక్కో తల్లిని ఒప్పించక్కర్లేదు. ప్రయోగం చేసేవాడికి, పథకం నడిపేవాడికి, ప్యాడ్లు పంచేవాడికి ఇంతకంటే అనువైన చోటు లేదు.

ఇబ్రహీంపట్నం సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. హైటెక్ సిటీ ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే, 2022 ఆగస్టు 25న, అక్కడి ప్రభుత్వ దవాఖానాలో ఒక్క శిబిరంలో 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసినరు. నలుగురు చనిపోయినరు. ఇలాంటి శిబిరాలు మూడేళ్లలో ఆపేయాలని 2016 సెప్టెంబర్‌లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పి అప్పటికి ఆరేళ్లు. చనిపోయిన ఆడవాళ్ల కుటుంబాలకు ఐదు లక్షలు, ఒక ఇల్లు అన్నారు. వీళ్లెవరూ కౌమార కార్యక్రమం లెక్కలోకి రారు, పెళ్లయిన తల్లులు గదా అనొచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 23 మందికి పైగా 18 నిండకముందే పెళ్లయినవాళ్లు. పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 62 మంది దాకా ఆపరేషనే చేయించుకున్నారు. మగవాళ్ల ఆపరేషన్ నామమాత్రం. పదహారేళ్లకు క్లాసులో గర్భనిరోధక పద్ధతుల పట్టిక చూసిన పిల్లకు పాతికేళ్లకు దొరికే పద్ధతి ఒక్కటే. పట్టికలోని మిగతా పద్ధతులు ఎవరి కోసం?

ఎంపిక అనే మాట ఈ పాఠాల్లో చాలా వాడతారు. ఆరోగ్యకరమైన సంబంధం, పరస్పర గౌరవం, సమ్మతి. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ని చంపింది దవాఖానా ఆవరణలో. గర్భవతి అయిన భార్యకు పరీక్ష చేయించుకుని వస్తుండగా వెనక నుంచి నరికినరు. ప్రణయ్ దళితుడు, భార్య వైశ్య. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ప్రసవానికి ముందు క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకోవాలి, భర్త తోడు పోవాలి అని కరపత్రం చెప్తుంది. ప్రణయ్ అదే చేసిండు. 2020 సెప్టెంబర్ 24న గచ్చిబౌలిలో పట్టపగలు హేమంత్‌నూ ఆయన భార్యనూ బండ్లలో ఎత్తుకుపోయి హేమంత్‌ను చంపినరు. వాళ్లిద్దరూ దళితులు కాదు, అయినా కులం దాటినందుకే ఆ చావు. ఐటీ కారిడార్ నడిబొడ్డున జరిగింది. ఇవి చెప్పకుండా పదిహేడేళ్ల పిల్లకు సమ్మతి గురించి చెప్తే, ఆమెకు మీరు చెప్పింది ఎంత?

మగపిల్లల సంగతి మరీ అన్యాయం. క్లాసప్పుడు ఆటకు పోయిన పిల్లవాడికి ఆ తర్వాత రాజ్యం లైంగికత గురించి మాట్లాడేది పట్టుబడినప్పుడే. 2013 అక్టోబర్‌లో హైటెక్ సిటీ దగ్గర ఐటీ ఉద్యోగిని మీద జరిగిన అత్యాచారం తర్వాత నగరం కదిలింది, 2014 అక్టోబర్ 24న షీ టీమ్స్ వచ్చినయి. అవసరమే. కానీ బస్‌స్టాపులో పట్టుకుని తల్లిదండ్రుల్ని పిలిపించి చేసే కౌన్సెలింగే బస్తీ పిల్లవాడికి దొరికే లైంగిక విద్య కావడం ఏమిటి? 2012 పోక్సో చట్టం 18 లోపు పిల్లల మధ్య ఇష్టంతో జరిగినదాన్నీ నేరమే అంటుంది. డాక్టరు, టీచరు తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి. అందుకే గర్భం వచ్చిన పదిహేడేళ్ల పిల్ల దవాఖానాకు పోవడానికి భయపడుతుంది. గర్భస్రావం కోరే మైనర్ అడిగితే పోలీసులకు ఇచ్చే సమాచారంలో ఆమె పేరు రాయనక్కర్లేదని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లికాని ఆడవాళ్లకూ 24 వారాల దాకా ఆ హక్కును సమానం చేసిన తీర్పు అది. ఇష్టపడ్డ కులాంతర జంటలో అబ్బాయి దళితుడైతే పోక్సో కేసు ఎంత సులువుగా ఆయుధమైతదో కోర్టుల చుట్టూ తిరిగే మన వకీళ్లను అడగండి. ఈ తీర్పు సంగతి, ఈ చట్టం సంగతి తెర మీద బొమ్మ పక్కన ఒక్క వాక్యంగానైనా ఉండాల్సింది.

ఇందులో మన ఉద్యమం వాటా కూడా మాట్లాడుకోవాలి. ఆడపిల్ల చదువు ఆగొద్దన్న భయంతో మన సంఘాలు ఒంటి గురించి మాట్లాడడం మానుకున్నయి. ప్రేమా దోమా అని తిరిగితే హాస్టల్ సీటు పోతదని పెద్దన్నలే చెప్పే పరిస్థితి. జోగినీ వ్యవస్థ మీద 1988లో చట్టం తెచ్చుకున్నాం, అది అగ్రకులాల దురాచారం గదా, మాట్లాడడం తేలిక. మన ఇళ్లల్లో పదిహేడేళ్లకు పెళ్లి చేసే తండ్రి గురించి, ఆపరేషన్ ఎప్పుడూ ఆడమనిషికేనని తేల్చే భర్త గురించి మాట్లాడాలంటే గొంతు తగ్గుతది. బయటివాళ్లు మన ఆడవాళ్ల గురించి మాట్లాడితే తప్పు, మనం మాట్లాడం, మన ఆడవాళ్లు మాట్లాడితే ఉద్యమం చీలుతదంటాం. ఇట్లయితే ఆ ఖాళీలోకి బ్యానర్లు రాక ఏమొస్తాయి.

ఇది తక్షణం ఎందుకంటే హెచ్‌పీవీ టీకా మళ్లీ చర్చకొచ్చింది. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు దాన్ని ప్రోత్సహిస్తామని 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో కేంద్రం చెప్పింది. టీకా వద్దని నేననడం లేదు. ఆ క్యాన్సర్‌తో ఆఖరి దశలో దవాఖానాకు చేరేది ఎక్కువగా పేద ఆడవాళ్లే, టీకా దాన్ని ఆపగలదని తేలిన విషయం. మన పిల్లలకు అది అందరికంటే ముందు అందాలి. అందే పద్ధతి మీదే పేచీ. అంగీకార పత్రం ఏ భాషలో ఉంటది, రుతుస్రావం తెలుగులోనా, ముట్టు తెలుగులోనా? కోకాపేట లేబర్ క్యాంపులో ఉన్న తల్లికి దాన్ని ఎవరు చదివి వినిపిస్తారు, ఆమె ఆలోచించుకోవడానికి ఎన్ని రోజులిస్తారు? వద్దన్న పిల్ల హాస్టల్లో మామూలుగా ఉండగలుగుతదా? జ్వరమొస్తే రాత్రిపూట ఏ దవాఖానాకు, ఎవరి బండిలో తీసుకుపోతారు?

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల మేడల పక్కనే గౌలిదొడ్డి సాంఘిక సంక్షేమ గురుకులం ఉన్నది. డాక్టర్లు కావాలని చదువుతున్న దళిత పిల్లలున్న చోటు. జీవశాస్త్రం కరపత్రం రాసేవాళ్లకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. వాళ్లను లబ్ధిదారులుగా కూర్చోబెట్టే బదులు పాఠం రాసే పని వాళ్ల చేతికే ఇవ్వొచ్చు, మగపిల్లల్ని కూడా గదిలో కూర్చోబెట్టి. ఖమ్మంలో 2,763 కాగితాల మీద వార్డెన్ల సంతకాలు ఎట్ల పడ్డయో టీకా సూది కంటే ముందు ఆ పిల్లలకు, వాళ్ల తల్లులకు చెప్పాలె.